మూడో కూతురి పేరు

పేరు మార్చుకోవాలంటే ఇద్దరు సాక్షులు కావాలన్నారు. పెద్దక్కను అడిగితే సరేనంది. రెండో సాక్షిగా నాన్న ఎవరూ పిలవకుండానే చెప్పులేసుకుని బయల్దేరాడు. పేరు పెట్టిన మనిషే దాన్ని తీసేయడానికి సంతకం చేస్తానంటే సరేనని వెంటబెట్టుకెళ్ళాను.

నా పేరు కెరెంహప్పుకు. బైబిల్లో యోబు మూడో కూతురి పేరు. హీబ్రూలో కాటుక దాచుకునే కొమ్ము అని అర్థం. మన మాటల్లో కాటుక భరిణె. పెద్దక్క యెమీమా, అంటే పావురం. చిన్నక్క కెజీయా, దాల్చినచెక్క లాంటి పరిమళం. ఒకరికి ఎగిరేది, ఒకరికి ఘుమఘుమలాడేది ఇచ్చి నా చేతిలో డబ్బా పెట్టారు. బళ్ళో ఒక టీచరు మూడేళ్ళపాటు నన్ను "నువ్వమ్మా, నువ్వే" అని పిలిచి నెట్టుకొచ్చింది.

అదంతా నవ్వుకోవచ్చు. నా కడుపుమంట వేరే. "మగపిల్లాడనుకుంటే ఇది పుట్టింది. మంచి పేర్లు రెండూ అయిపోయాయి, మిగిలింది దీనికి తగిలించారు" అని మేనత్త ఎవరితోనో అంటుంటే పదేళ్ళప్పుడు విన్నాను. అప్పట్నుంచీ నా లెక్కలో నేను మిగులు సరుకునే.

ఆఫీసులో గుమాస్తా నా పాత పేరు చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇది పెట్టిందెవరండీ?"

"నేనేనండీ," అన్నాడు నాన్న. "పెద్దదానికే పెడదామనుకున్నా. బైబిల్లో ఉన్న వరసలోనే పెట్టాలని మా ఆవిడ పట్టుబట్టింది. రెండోదానికి అడిగితే మళ్ళీ వరసే అంది. ఇద్దరు చాలన్నారు అందరూ. నాకేమో ఆ పేరు వదలబుద్ధి కాలేదు."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే," అన్నాడు గుమాస్తా.

"మా ఆవిడా అదే అందండీ. ఆలు ఉందిగా, ఇంక కావాల్సింది చూలేగా అన్నాను."

పెద్దక్క కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. నాకు నవ్వు రాలేదు. నాన్న దర్జీ. గుండీలు నచ్చాయని ముందు అవి కొనేసి, వాటికి తగిన గుడ్డ కోసం నెలల తరబడి తిరిగే రకం. ఈ మాట కల్పించి చెప్పలేదని నాకు తెలుసు.

"మరి కొడుకు కావాలనుకోలేదా నాన్నా?"

"యోబుకి ఏడుగురు కొడుకులమ్మా. ఆ కథ చివర్లో వాళ్ళలో ఒక్కడి పేరైనా రాయలేదు. కూతుళ్ళ పేర్లే రాశారు. ఇంక నేనేం చూసుకుని కొడుకు కోసం ఆగను?"

గుమాస్తా కలం అందుకున్నాడు. "మార్పుకి కారణం ఏం రాయమంటారు?"

పలకడం కష్టమని ఇంట్లోనే రాసుకొచ్చాను. కాగితం చేతిలోనే ఉంది. కళ్ళల్లో నీళ్ళు నిండి ఒక్క అక్షరం కనిపించలేదు.

"కారణం లేదండీ," అన్నాను.

"కారణం లేకపోతే ఫారం తీసుకోం."

"తీసుకోకండి."

సంతకానికి తీసిన పెన్నుకు మూత పెట్టడం మరిచిపోయి నాన్న దాన్ని అలాగే జేబులో పెట్టుకున్నాడు. చొక్కా మీద సిరా పాకుతున్నా చూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.