రెజీనాకి జబ్బు దొరికింది

రెజీనాకి యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతోంది. తెర మీద అమ్మలకి, అత్తలకి, దెయ్యాలకి కూడా గొంతు ఆవిడదే. నిరుడు ఒక సినిమాలో దెయ్యం పట్టిన అత్తగారి కేక పెడుతుంటే, ఛాతీ మీద ఎవరో మోకాలు ఆన్చి నొక్కినట్టయింది. అక్కడే కూలబడింది.

"మేడమ్, టేక్ మస్తుగొచ్చింది, లేవుండ్రి" అన్నాడు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీర్ తిరుమలేశ్. ఆవిడ మొహం చూశాక పరుగెత్తుకొచ్చాడు.

ఆసుపత్రిలో ఆంజియోగ్రామ్ తీశారు. "ఎక్కడా అడ్డం లేదమ్మా, హాయిగా ఇంటికెళ్లండి" అన్నాడు డాక్టరు.

ఇంటికైతే వెళ్లింది గానీ నొప్పి మానలేదు. మధురానగర్‌లో రెండంతస్తులు మెట్లెక్కినా వచ్చేది. భర్త రాజబాబు గ్యాస్ అని తేల్చేసి పూటపూటా వాము నీళ్లు తాగించాడు. చర్చిలో అందరూ టెన్షన్ అన్నారు. ఎనిమిది నెలలయ్యేసరికి రెజీనాకే అనుమానం మొదలైంది. ఇన్నేళ్లు దొంగ ఏడుపులు ఏడ్చిన మనిషిని, ఇదీ నటనేనేమో!

చివరికి తిరుమలేశే చెప్పాడు. "మా అక్కకు గిట్లనే అయింది మేడమ్. జూబ్లీహిల్స్‌ల మంజులత డాక్టరమ్మకు జర చూపించుకోండ్రి."

మంజులత అంతా విని, పాత రిపోర్టు తిరగేసింది. "ఇందులో పెద్ద రక్తనాళాలే కనబడతాయమ్మా. వాటి చివర వెంట్రుక కన్నా సన్నవి వేలల్లో ఉంటాయి. అవి సరిగా తెరుచుకోకపోయినా, బిగుసుకుపోయినా గుండెకి రక్తం చాలదు. దానికి వేరే పరీక్ష ఉంది."

ఆ పరీక్షలో రెజీనా మెలకువగానే ఉంది. మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, నాళాలు బిగుసుకుంటాయేమో చూడ్డానికి గుండెలోకి మందు వదిలారు. "నొప్పొస్తే చెప్పండి" అంది డాక్టరు.

వచ్చింది. అచ్చం అదే మోకాలు, అదే చోట.

"అదే! అదేనండీ డాక్టరు గారూ, వచ్చేసింది!" మైకు అక్కర్లేని గొంతు కదా, గది దద్దరిల్లింది. నర్సు చేతిలో ట్రే జారి కింద పడింది. రెజీనాకి ఒక పక్క నొప్పి, ఒక పక్క ఆగని నవ్వు.

వెంటనే ఇంకో మందిచ్చి నొప్పి తగ్గించారు. మంజులత మానిటర్ చూపించింది. "పెద్దవి బాగానే ఉన్నాయి. చిన్నవే బిగుసుకుపోతున్నాయి. మీరు చెప్పిందంతా నిజమే."

స్ట్రెచర్ బయటికి రాగానే రెజీనా భర్త చెయ్యి పట్టేసుకుంది. "ఏవండీ, నాకు జబ్బుందండీ! నిఖార్సైన జబ్బు!"

వరండాలో జనం తిరిగి చూశారు. రాజబాబుకి కళ్లు చెమర్చాయి. "ఇన్నాళ్లూ వాము నీళ్లు తాగించాను కదే..."

"బిందెలకి బిందెలు!" అని పకపకా నవ్వింది. ఆయనకీ నవ్వొచ్చేసింది. ఇద్దరూ ఊపిరాడక నవ్వుతుంటే నర్సు వచ్చి కసిరింది.

"ఇది పండగ చేసుకునే జబ్బు కాదమ్మా" అంది మంజులత, తనూ నవ్వాపుకుంటూ. "మందులు మానకూడదు. రోజూ నడవాలి. బీపీ అదుపులో ఉండాలి."

"అలాగేనండీ. దాని పేరు ఇంకోసారి చెప్పరూ?"

"మైక్రోవాస్కులర్ ఆంజైనా."

రెజీనా ఆ పేరుని ఒకసారి హీరో తల్లిలా, ఒకసారి విలన్ పెళ్లాంలా పలికింది. నర్సు కూడా ఓడిపోయి నవ్వేసింది.

మందులతో నొప్పి పూర్తిగా పోలేదు గానీ, వారానికోసారికి దిగింది. మూడో నెలలో మళ్లీ మైకు ముందు నిలబడింది. పొద్దున్నే మొగుడూపెళ్లాలు నడకకి వెళుతున్నారు. ఎవరెదురైనా ముందు రాజబాబే ఆపేస్తున్నాడు.

"మా ఆవిడకి గుండెలో మైక్రోస్కోప్ ఆంజైనా అండీ!"

"మైక్రోవాస్కులరండీ" అని దిద్ది, రెజీనా అతన్ని దాటుకుని చకచకా ముందుకెళ్లిపోతోంది.