హిమబిందు కుడిచెయ్యి

ఎడమ చేత్తో అంట్లు తోమడం అంత తేలిక కాదు. గిన్నె జారిపోతుంది, పీచు జారిపోతుంది, పైగా వెనకనుంచి అత్తగారి మాటలు. "కందకి నేని దురద కత్తిపీటకెందుకే? ఆళ్లూ ఆళ్లూ కొట్టుకుంతే మధ్యన నువ్వు సెయ్యెట్టడమేటి?" అంది రామలక్ష్మమ్మ, తన కాఫీ గ్లాసు కూడా సింకులో పడేస్తూ. హిమబిందు కుడి మణికట్టు నిన్నటినుంచీ వాచి బన్నులా ఉంది. కానిస్టేబుల్ అయినా కోడలు కోడలే కదా. అంట్లకి మెడికల్ లీవు ఉండదు.

నిన్న హార్బరు రోడ్డు పక్కన చేపలమ్ముకునే ఆడవాళ్లని లేపించే బందోబస్తు. హెల్మెట్లు, షీల్డులు మగ కానిస్టేబుళ్లకి పంచేసి, "మీరు ఆపేది ఆడోళ్లనే కదమ్మా, మీకెందుకు?" అన్నాడు ఎస్సై తిరుమలరావు. రాళ్లకి ఆడా మగా తెలుస్తుందా? ఎవరు విసిరారో, ఒక రాయి ఆమె చెవి పక్కనుంచే పోయింది. నిజంగానే భయమేసింది. ఆ కంగారులోనే కానిస్టేబుల్ సన్యాసిరాజు, చేపల గంప వదలనని భీష్మించిన నాగమణి మీదికి లాఠీ ఎత్తాడు. నెత్తిన పడితే మనిషి మిగలదు. హిమబిందు చెయ్యి అడ్డం పెట్టింది.

అయినా స్టేషన్‌కి తెచ్చింది నాగమణినే. ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి, ఎస్సై హిమబిందుని పక్కకి పిలిచాడు. "ఆవిడే కొట్టిందని చెప్పు. లేడీ కానిస్టేబుల్ మీద చెయ్యి చేసుకుందంటే కేసు గట్టిగా నిలబడుతుంది. మిగతావాళ్లు మళ్లీ ఆ రోడ్డు మొహం చూడరు. నీకు పగటి డ్యూటీ నేను వేయిస్తా." హిమబిందు పెందుర్తి బస్సు దిగేలోపే ఆ మాట ఎస్సై ఫోన్లో ఇంటికి చేరవేసేశాడు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన మొగుడు సాయిశంకర్ మంచి హుషారుగా ఉన్నాడు. "నాను సరేనన్నాను సార్‌తోటి. పగలు డ్యూటీ అయితే రేతిరి వంటకి ఇబ్బందుండదు, అమ్మకీ సుఖం. ఒక్క మాట సెప్తే నీ సొమ్మేటి పోద్ది?" చెయ్యి ఆమెది, మాట ఆమెది, బేరం మాత్రం ఆ ఇద్దరిదీ. ఒళ్లు మండింది. అయినా అన్నం పెట్టింది. "ఎడం సేత్తో వడ్డిత్తావేటి?" అని కంచం వెనక్కి లాక్కున్నాడు. పళ్లు బిగబట్టి కుడిచేత్తోనే గరిటె పట్టింది.

అబద్ధమెందుకు, పగటి డ్యూటీ అంటే ఆమెకీ ఆశ పుట్టింది. అందరిలాగా రాత్రి నిద్రపోయే బతుకు. తెల్లారి అంట్లు తోముతున్నంతసేపూ, ఎస్సై చెప్పమన్న మాటని మనసులోనే అనుకుని చూసుకుంది. ఒక్కసారీ సాఫీగా రాలేదు.

స్టేషన్‌కి వెళ్లేసరికి నాగమణి ఇంకా ఆ బల్ల మీదే ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి.

"సెయ్యి ఎలాగుందమ్మా? రేతిరి నిద్దరట్టిందా?" అంది.

నిన్నటినుంచీ ఆ మాట అడిగిన మనిషి ఈమె ఒక్కతే. హిమబిందు తల ఎత్తలేకపోయింది.

కేసుకి డాక్టరు రిపోర్టు కావాలని హిమబిందుని ఆసుపత్రికి పంపారు, వెంట ఎస్సై కూడా వచ్చాడు. డాక్టరమ్మ మణికట్టు మెల్లగా నొక్కి చూసి, "ఎవరు కొట్టారు?" అని అడిగింది.

"చేపలావిడండీ," అన్నాడు ఎస్సై.

"ఆమెని చెప్పనివ్వండి."

హిమబిందు డాక్టరమ్మ వైపు తిరిగింది. నిజం చెప్తే మెమో వస్తుంది. ఏ మూలకో బదిలీ అవుతుంది. ఇంట్లో రాత్రికి రభసే. అన్నీ తెలుసు.

"మా లాఠీయేనండి తగిలింది. నాగమణి నెత్తిమీద పడబోతే నాను సెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ నన్ను ముట్టుకోనేదు."

డాక్టరమ్మ రాసుకుంటోంది. ఎస్సై మొహం మాడిపోయింది. హిమబిందు దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "మీ ఆయన ఒప్పుకున్నాడు కదమ్మా," అన్నాడు.

"దెబ్బ తగిలింది ఆయన సేతికి కాదు సార్."