పన్నెండింటి విజిల్

వెంకటనారాయణ గేటు పాసు రాసి, అసలుది కిటికీలోంచి అందించి, కార్బన్ కాపీని తిరగేసి దాని వెనక నవల చివరి పేజీ రాయడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర ఇంకెవరో నిలబడ్డట్టు అనిపించింది.

"తర్వాత రండి," అన్నాడు తల ఎత్తకుండా. ఆ మనిషి కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మాదాపూర్‌లో కడుతున్న కంప్యూటర్ ఆఫీసుకు ఆయన స్టోరు గుమాస్తా. తొమ్మిదేళ్లుగా ఒకటే నవల రాస్తున్నాడు. నాలుగుసార్లు తిరగరాశాడు. భార్య పద్మావతి "ఇంకా అవలేదా?" అని అడగడం కూడా మానేసింది. వారపత్రిక పోటీకి ఇవాళే గడువు, ఐదింటిలోగా తపాలా ముద్ర పడాలి. నవలంతా కవర్లో ఉంది, చివరి పేజీ తప్ప.

ఆ పేజీలో రాళ్లు కొట్టే నీలమ్మ బండల పేలుడులో చచ్చిపోవాలి. చావు లేని నవలకు బహుమతి రాదని ఆయన గట్టి నమ్మకం. మల్లమ్మే ఒప్పుకోలేదు.

మల్లమ్మ బండ కొట్టే ముఠాలో కూలీ. రోజూ పన్నెండింటికి విజిల్ వేసి, ఎర్రజెండాలు పాతి, బండ పేల్చేవారు. ఆ అరగంటా కూలీలు ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి. ఆమె స్టోరు షెడ్డుకొచ్చి, బోర్లించిన రంగు డబ్బా మీద తన తలచుట్ట గుడ్డ వేసుకుని కూర్చునేది. ఆయన నవల చదివి వినిపించేవాడు. ఆమెకు అక్షరం ముక్క రాదు.

"బండ కొట్టేటోళ్లు గంతసేపు ఏడుస్తరా సారూ? నీళ్లు తాగి మల్ల సుత్తె పడ్తరు," అందొకసారి. ఆయనకు ఒళ్లు మండింది. సాయంత్రానికల్లా మూడు పేజీల ఏడుపు కొట్టేశాడు. నిన్న వెళ్తూ వెళ్తూ, "దాన్ని సంపకు సారూ. రేపొచ్చి ఇంట," అంది.

పదకొండున్నరకు నీలమ్మను చంపాడు. పావుతక్కువ పన్నెండుకు బతికించాడు. రెండూ అతికినట్టు లేవు. మల్లమ్మ వింటే తేలిపోతుంది. పన్నెండయింది. విజిల్ పడలేదు. పన్నెండున్నర దాకా ఆయన గుమ్మం వైపే చూశాడు.

సూపర్‌వైజర్ రాజేందర్ మేకుల కోసం వచ్చాడు.

"ఇవాళ విజిల్ వెయ్యలేదేమండీ?" అడిగాడు వెంకటనారాయణ.

"ఇంకేడి విజిల్ సారూ! బండ నిన్ననే ఖతమైంది. వాళ్లు పొద్దుగాలనే లారీ ఎక్కి బాచుపల్లి దిక్కు పోయిండ్రు. పాసు మీరే రాసిండ్రు గద!"

వెంకటనారాయణ మేకులు తూచి ఇచ్చాడు.

"మల్లమ్మ గుడ్డ మరిసిపోయిన్నని మీ కాడికొచ్చింది. ఇయ్యలేదా?"

రాజేందర్ వెళ్లాక కాగితం ఇటు తిప్పి చూశాడు. బయటికి: గునపాలు పన్నెండు, సమ్మెటలు ఎనిమిది, మనుషులు పదకొండు. కింద తన సంతకం. తొమ్మిదేళ్లుగా ఆమెలాంటి వాళ్ల గురించే రాస్తున్నానని గర్వపడ్డాడు, ఆమె వచ్చి కిటికీ దగ్గర నిలబడితే తల ఎత్తి చూడలేదు.

కాగితం తిప్పి, రాసిందంతా కొట్టేసి, కింద మిగిలిన జాగాలో రాశాడు: 'నీలమ్మ చావలేదు. లారీ ఎక్కింది. గేటు దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా చీటీ రాసిచ్చాడు.'

బాగుందో లేదో చెప్పేవాళ్లు లేరు. సాపు రాయబుద్ధీ కాలేదు. ఆ పాసు కాపీనే కవర్లో పెట్టి, అతికించి, షెడ్డుకు తాళం వేసి పోస్టాఫీసుకు పరుగుతీశాడు.

లోపల రంగు డబ్బా మీద నీలం గుడ్డ, తల మీంచి ఇప్పుడే దింపినట్టు, గుండ్రంగా చుట్టి ఉంది.