పదిహేడో నంబరు రాయి

నేను ఒక హద్దురాయిని. కొత్తరేవు అనే చిన్న పట్నంలో సముద్రం ఎంతవరకు వస్తుందో మనుషులకు చెప్పడానికి నన్ను పాతారు. సముద్రానికి ఆ సంగతి ముందే తెలుసు. తెలియనిది మనుషులకే. తెలుసుకునే ఉద్దేశం వాళ్లకు ఉన్నట్టు కూడా నాకు కనిపించలేదు. కోపంతో అంటున్నాననుకోకండి, కోపం ఎప్పుడో చల్లారింది. ఇప్పుడు మిగిలింది అసహ్యమే.

ఊరికి దూరంగా ఉన్న ఒక కొండ క్వారీలో పుట్టాను. నాతోపాటు అదే బండలోంచి చీలిన వాళ్లు కొందరు రుబ్బురోళ్లయ్యారు, కొందరు గుమ్మాల ముందు మెట్లయ్యారు. అదృష్టవంతులు, ఇళ్లల్లో పడ్డారు. నా నుదుటిన మాత్రం ఉలితో పదిహేడు అని అంకె చెక్కి లారీ ఎక్కించారు.

నన్ను పాతింది సర్వేయరు భుజంగరావు. అప్పటికి బక్కపల్చటి మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. మూడు తుఫాను పోట్లకు ఒడ్డునే ఉండి, నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతున్నాయో చూసి, గుర్తులు పెట్టుకుని, ఆ చివరి గుర్తు మీద నన్ను నిలబెట్టాడు. ఏటేటా సముద్రం ఒడ్డును కొరుక్కు తింటోంది కాబట్టి, నాకు సముద్రం వైపున ఇకమీద ఎవరూ ఏమీ కట్టకూడదు. అప్పటికే అక్కడ ఉన్న ఇళ్ల వాళ్లకు చేపల బజారు వెనక మెరకలో కొత్త ఇళ్లు ఇస్తారు. ఇదీ ఏర్పాటు. మనుషుల పనుల్లో ఇంత తెలివైనదాన్ని నేను మళ్లీ చూడలేదు.

నాకు సముద్రం వైపు నలభై అడుగుల దూరంలో, జాలరి పేటలో, సూరాడ అసిరమ్మ ఇల్లుంది. ఎండుచేపలు అమ్ముతుంది. మొగుడు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ పడవల మీద పనికి పోతాడు, ఇద్దరు ఆడపిల్లలతో ఆమే నెట్టుకొస్తుంది. కొత్త ఇళ్ల జాబితాలో ఆమె పేరు ఎక్కింది. బజారుకు దగ్గర, కెరటానికి దూరం, ఇంకేం కావాలని సంబరపడింది. జాబితా మాత్రం ఆఫీసులో కదలకుండా కూర్చుంది.

ఇంతలో ఒక ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. అసిరమ్మ ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. గోడలు మాత్రం పడలేదు. కెరటం నా కాళ్లదాకా వచ్చి వెనక్కి మళ్లింది. మళ్లదా మరి? మళ్లే చోటు చూసే కదా నన్ను పాతింది! కానీ పేట ఆడవాళ్లకు ఆ లెక్క తోచలేదు. రాయి అడ్డు నిలబడింది కాబట్టే నీళ్లు ఆగాయనుకున్నారు. మరుసటి శుక్రవారం అసిరమ్మ బిందెతో నీళ్లు తెచ్చి నన్ను కడిగి, నిలువునా పసుపు పూసి, బొట్లు పెట్టి, కెరటాలమ్మ అని పేరు పెట్టింది. అప్పట్నుంచి ఏ శుక్రవారమూ తప్పలేదు. పసుపు మీద పసుపు పేరుకుపోయి నా నుదుటి అంకె మాయమైంది. నిజం ఒప్పుకోవద్దూ, నాకూ బాగానే ఉండేది. క్వారీలో సుత్తి దెబ్బలు తిన్నవాడికి ఎవరైనా చేతులు జోడిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత హోటలు కడతానంటూ ఒకాయన దిగాడు. పేట పక్కన, నాకు సముద్రం వైపున ఉన్న ఇసుక భూమి కొన్నాడు. అక్కడ కట్టడానికి వీల్లేదని నేను నిలబడి ఉన్నాను. దాంతో అధికారులు షామియానా వేసి జనం మాట వింటామన్నారు. కుర్రాళ్లు ఉద్యోగాలు కావాలన్నారు, అందులో తప్పేముంది? వేటకు పోతే వల ఖాళీగా వస్తున్న రోజులు. అసిరమ్మ కూడా లేచి మైకు ముందు నిలబడింది.

"ఓటలు కట్టుకోండి బాబూ, మావేటి ఒద్దంతన్నావా? ముందల మమ్మల్ని మెరకలోకి ఎక్కించీసి, అప్పుడు కట్టుకోండి" అంది.

వేదిక మీదివాళ్లు గంభీరంగా తలలాడించారు. అభివృద్ధి, ప్రజల మాట, మారుతున్న వాతావరణం, ఈ మూడింటినీ సమతుల్యం చేస్తామన్నారు. ఆ మాట చెప్పినవాడి నోట్లో అప్పటికే హోటలాయన పెట్టించిన జీడిపప్పు పకోడీ ఉంది.

నెల తిరక్కుండా, పాత రాళ్లు ఉన్నాయో లేదో సరిచూడాలని భుజంగరావును పంపించారు. ఇప్పుడు పెద్ద ఉద్యోగం, దానికి తగ్గ బొజ్జ. హోటలాయన పంపిన కార్లోంచి దిగాడు. తన చేత్తో పాతిన నన్ను గుర్తు పట్టకుండా ఉంటాడా? చూడగానే చూపు తిప్పుకున్నాడు.

హోటలు వాళ్లు రాయి పీకేస్తారన్న పుకారు అప్పటికే పేటంతా పాకింది. అసిరమ్మ పరుగున వచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"సెయ్యెయ్యకండి బాబూ! ఇది మీ సర్వే రాయి కాదు. మా కెరటాలమ్మ తల్లి."

భుజంగరావు ముఖం విప్పారింది. "సర్కారు వాళ్లు పాతింది కాదంటావా? సరిగ్గా ఆలోచించుకుని చెప్పమ్మా."

"సర్కారోలు పాతడవేటి? తనకు తానే ఎలిసింది. గంగమ్మ మీద ఒట్టు."

"నంబరేమీ లేదు కదా దీని మీద?"

"అమ్మోరికి నంబరేటి బాబూ!"

అతను చెప్పులు విడిచి నాకు దణ్ణం పెట్టాడు. తర్వాత కాగితం మీద, పదిహేడో నంబరు రాయి స్థలంలో కనిపించలేదు, ఉన్నది గ్రామదేవత విగ్రహం, అని రాసి అసిరమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. నన్ను కాపాడుకుంటున్నాననుకుని ఆమె వేలు గట్టిగా అదిమింది. ఒక్క చెంబు నీళ్లు నా నుదుటి మీద పోస్తే చాలు, అంకె బయటపడి ఆమె ఇల్లు నిలిచేది. అతనికి ఆ సంగతి తెలుసు. ఆమెకు తెలియదు. నాకు నోరు లేదు.

నేను లేనని తేలింది కాబట్టి కొత్త రాయి పాతారు. నాకు ఎనభై అడుగుల ముందు, ఆటుకు తేలి పోటుకు మునిగే తడి ఇసుకలో. రాయి జరిపితే సముద్రం జరుగుతుందని వాళ్ల నమ్మకం. పేట ఆడవాళ్లకు చదువు లేదు, వాళ్ల నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కొలబద్దలు, కంప్యూటర్లు పట్టుకుని అదే నమ్మేవాళ్ల మీదే నా అసహ్యమంతా. ఇప్పుడు హోటలు స్థలం సముద్రానికి దూరంగా ఉన్నట్టు. అసిరమ్మ ఇల్లు కూడా దూరంగా ఉన్నట్టే. అందుకని కొత్త ఇళ్ల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు.

హోటలు లేచింది. దాన్ని కాపాడుకోవడానికి ముందు వైపు పెద్ద పెద్ద బండలతో గోడ పేర్చారు. ఆ గోడకు కొట్టుకున్న కెరటం ఊరికే పోతుందా? పక్కకు మళ్లి పేట మీద పడటం మొదలెట్టింది. నేనున్న చోటు హోటలు ప్రహరీ లోపలికి వెళ్లిపోయింది. నాకు పలకరాళ్లతో చిన్న గుడి కట్టి, జీతానికి పూజారిని పెట్టారు. వచ్చిన అతిథులు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అసిరమ్మ శుక్రవారం పసుపు తెస్తే కాపలావాడు గేటు దాటనివ్వలేదు. నాలుగు వారాలు వచ్చి, గేటు బయటే నిలబడి వెళ్లిపోయింది.

శ్రావణ పున్నమి నాటి పోటుకు, పొద్దున పది గంటలకు, ఆమె ఇల్లు పడటం మొదలైంది. ముందు సముద్రం వైపు గోడ, తర్వాత వంటగది, మధ్యాహ్నానికి మొత్తం. పిల్లలు బడిలో ఉన్నారు కాబట్టి బతికారు.

మరుసటి వారం హోటల్లోనే తీర రక్షణ మీద సదస్సు జరిగింది. భుజంగరావు శాలువా కప్పించుకుని బయటికి వస్తుంటే అసిరమ్మ కాపలావాణ్ణి తోసుకుని లోపలికొచ్చి, నా గుడి ముందే అతని కాళ్లకు అడ్డం పడింది.

"నా ఇల్లు సముద్రం తీసుకుపోనాది బాబూ. మెరకలో ఇల్లిప్పించండి."

"అలా ఎలా ఇస్తామమ్మా? హద్దురాయికి నీ ఇల్లు ఊరి వైపునే ఉంది. అక్కడికి సముద్రం రాదు."

"వచ్చింది కద బాబూ! ఇల్లే నేదు."

"కాగితం ప్రకారం రాదు. ఆ రోజు వేలిముద్ర వేసింది నువ్వే కదా?" అని, నా వైపు తిరిగి ఓ నమస్కారం పడేసి, కారెక్కాడు.

ఆమె అతన్ని తిట్టలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడైనా నా మీద ఉమ్మేస్తుందని ఆశపడ్డాను. పనికిమాలిన బండా అని ఒక్క తిట్టు తిట్టినా నాకు ప్రాణం కుదుటపడేది. ఆమె లెంపలు వేసుకుంది.

"తప్పయిపోనాది తల్లీ. నాలుగు సుక్కురోరాలు నీకు పసుపెట్టనేకపోనాను. అందుకే నీకు కోపమొచ్చి నా ఇల్లు తీసీసుకున్నావు. నా ఇల్లుతో సరిపెట్టుకో. మా పేటోల ఇళ్ల జోలికి ఎల్లకు. నన్ను సెమించు."

కాపలావాడు వచ్చి ఆమెను బయటికి పంపేశాడు. హోటలు కట్టినవాడూ, రాయి జరిపినవాడూ, సదస్సులో చప్పట్లు కొట్టినవాళ్లూ అందరూ ఆ సాయంత్రం అక్కడే భోంచేశారు. ఇంత జరిగాక ఆ పట్నం మొత్తంలో క్షమించమని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.