ఎస్తేరు జడ

శిక్షణకు వెళ్లాల్సిన రోజున ఎస్తేరు పొద్దున్నే లేచి ముందుగా జడ సంగతి చూసుకునేది. తల దువ్వుకోవడమంటే ఆమెకు అద్దం ముందు నిలబడి ముగించే పని కాదు. అరుగు మీద కూర్చుని, జడను ఒళ్లోకి లాక్కుని, పిల్లల తలలు చూసినట్టు పాయపాయా చూసుకోవాలి. ఆమె ఇంట్లో పెరిగిన ప్రతి బిడ్డకీ ఆ జడలో ఒక పాయ ఉంది. బిడ్డ వచ్చిన కొన్నాళ్లకు మెడ వెనక కొత్తగా మొలిచేది. బిడ్డ వెళ్లిపోయినా రాలేది కాదు. ఎక్కడో ఆ బిడ్డకు ఒంట్లో బాగాలేకపోతే ఆ పాయ చివుక్కుమనేది. కష్టం పెద్దదైతే జడ మొత్తం ఆ దిక్కుకు తాడులా బిగుసుకునేది.

గురజాలలో దాన్ని వింతగా చూసినవాళ్లు లేరు. రేషన్ షాపు దగ్గర జడ అడ్డంగా సాగి నిలబడితే జనం వంగి కింది నుంచి వెళ్లేవాళ్లు. బస్సులో కండక్టరు, "అక్కా, జడ ఒళ్లో పెట్టుకో, దారికడ్డం," అనేవాడు, అంతే.

ఆ రోజు కూడా జడను ముడి చుట్టుకుని, రుచితకు అన్నం తినిపించి, పక్కింట్లో అప్పగించింది. రుచిత వచ్చిన కొత్తలో మంచం కింద నుంచి బయటికి వచ్చేది కాదు. అన్నం కంచం కూడా అక్కడికే తోయాల్సి వచ్చేది. ఈమధ్యే బయటికొచ్చి, ఎస్తేరు కొంగు పట్టుకుని, అమ్మా అనడం మొదలుపెట్టింది. ఎవరూ లేని పిల్లల్ని ప్రభుత్వం తరఫున ఇంట్లో పెట్టుకుని పెంచే కుటుంబాలకు ఏటేటా నరసరావుపేటలో శిక్షణ ఉంటుంది. అది పూర్తిచేస్తేనే అనుమతి కొనసాగుతుంది. లేకపోతే బిడ్డను తీసుకెళ్లి హోములో పెడతారు. కాబట్టి ఎస్తేరు మొగుడు శౌరిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

హాల్లో 'ఫోస్టర్ తల్లిదండ్రుల పునశ్చరణ శిక్షణ' అని బ్యానరు కట్టారు. తండ్రులు ఫోటో దాకా ఉన్నారు. ఫోటోలో ముందు వరస వాళ్లదే. అది అవగానే రోడ్డవతల టీకొట్టు దగ్గర, ఏ పార్టీ ఎందుకు ఓడిందో తేల్చడానికి వెళ్లిపోయారు. దంపతుల్లో ఒకరు సాయంత్రం దాకా కూర్చుంటే చాలన్నది నిబంధన. ఇన్నేళ్లలో ఆ ఒకరు ఒక్కసారైనా మగవాడు కాలేదు. ఆడవాళ్లే కూర్చోవాలని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం పడలేదు.

శిక్షణ ఇచ్చేది ఆఫీసరు ధనుంజయరావు. గొంతు పెంచని మనిషి. పిల్లల పెంపకం గురించి తెర మీద బొమ్మలు చూపిస్తూ పొద్దుగూకే దాకా మాట్లాడగలడు. తన కూతురు ఏ సెక్షన్లో చదువుతోందో చెప్పాలంటే మాత్రం ఇంటికి ఫోన్ చెయ్యాలి. ఆ ఏటి పాఠం పేరు 'అనుబంధం, ఎడబాటు'.

"మీరు బస్టాండు లాంటి వాళ్లమ్మా. బస్టాండు ఏ బస్సునైనా కట్టేసుకుంటుందా? ప్రేమించండి. వెళ్లేటప్పుడు తెంచుకోండి," అన్నాడాయన.

పక్క కుర్చీలో కూర్చున్న, దుర్గి నుంచి వచ్చిన నాగేంద్రమ్మ ఎస్తేరు చెవిలోకి వంగింది. "బస్టాండంట వదినా. అందుకే గావాల, వచ్చినోడల్లా గోడ తడిపి పోతన్నాడు."

ఎస్తేరుకు నవ్వు వచ్చేదే. అంతలో జడ లాగింది. ముడి ఊడిపోయి, మెడ వెనక్కి వాలి, జడ గది మధ్యగా సాగి వెనక కిటికీ ఊచలకు ఆనుకుని నిలిచింది.

"ఎస్తేరమ్మ గారూ, జడ కాస్త సర్దుకోండి, తెరకు అడ్డమొస్తోంది," అన్నాడు ధనుంజయరావు.

మెడ వెనక ఎడమవైపు మొలిచిన పాయ అది. వర్షిణిది. పాలపళ్లు ఊడే వయసులో వచ్చి, పెద్దమనిషయ్యే దాకా ఆమె దగ్గరే పెరిగిన పిల్ల. రెండో పెళ్లి చేసుకున్నాక లారీ డ్రైవరు శ్రీకాంత్‌కు తనకొక కూతురుందని గుర్తొచ్చింది. ఇంట్లో చంటిపిల్లాడు పుట్టాడు, ఎత్తుకునేవాళ్లు కావాలి. ఆఫీసువాళ్లు పిల్లను దాచేపల్లిలో ఆ తండ్రికి అప్పజెప్పి, కుటుంబాన్ని కలిపామని సంతోషించారు. అప్పటి నుంచి ఆ పాయ అడపాదడపా నొప్పి పెడుతూనే ఉంది గానీ ఇంతగా ఎన్నడూ లాగలేదు.

ఎస్తేరు రెండు చేతులా జడ పట్టుకుని వరండాలోకి వచ్చి, శ్రీకాంత్ ఇంటి ఎదురుగా ఉండే రాఘవమ్మకు ఫోన్ చేసింది. రాఘవమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. వర్షిణికి పెళ్లి, ఇవాళే ముహూర్తం. పెళ్లికొడుకు లారీ ఓనరు తమ్ముడు, మొదటి పెళ్లాం వదిలేసి పోయినవాడు. వాళ్ల మాటకు వీధిలో ఎవరూ ఎదురు చెప్పరు. పదో తరగతి పుస్తకాలు అప్పుడే అటక ఎక్కించారు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

ఎస్తేరు పిల్లల హెల్ప్‌లైనుకు చేసింది. ఎవరో అమ్మాయి వివరాలన్నీ ఓపిగ్గా అడిగి, సంబంధిత అధికారికి ఇప్పుడే చెబుతామంది. కాసేపటికి హాల్లో ధనుంజయరావు ఫోను మోగింది. ఆయన చూడకుండానే దాన్ని నొక్కేసి, పిల్లలు చెప్పేది వినడం ఎంత ముఖ్యమో చూపించే బొమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఎస్తేరు తిన్నగా తెర ముందుకు వెళ్లి నిలబడి సంగతి చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. పక్కకు పిలిచి, కుర్చీ చూపించాడు.

"ఆ కేసు క్లోజ్ అయిందమ్మా. తండ్రికి అప్పజెప్పేశాం. ఇప్పుడు మళ్లీ కదపాలంటే లెటర్ పెట్టాలి. సోమవారం పెడతాను."

"సోమవారానికి అది కాపరంలో ఉంటది సార్."

"మీ బాధ నాకర్థమైంది. వెళ్తానంటే వెళ్లండి, నేను ఆపను. కాకపోతే మీ ఇద్దర్లో ఒకరు కూర్చోకపోతే రెన్యువల్ ఆగిపోతుంది. రుచితను మార్చాల్సొస్తుంది. అది నా చేతుల్లో లేదు."

ఎస్తేరు ఆయన చేతులు చూసింది. మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి. వాటిలో ఏమీ లేదన్నది నిజమే.

ఆమె రోడ్డు దాటి టీకొట్టుకు వెళ్లింది. జడ బిగుసుకుని ఉండటంతో స్కూటర్లు ఆగి, తలలు వంచుకుని దాని కింది నుంచి వెళ్లాయి. శౌరి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆమె రెండు దారులూ చెప్పింది. నువ్వు లోపల కూర్చో, నేను దాచేపల్లి పోతా. లేదా నేను కూర్చుంటా, నువ్వు పో.

"నేను ఆడోళ్ల మధ్య కూకుని ఉగ్గు కలపడం నేర్చుకోవాలంటావా?" శౌరి చుట్టూ ఉన్నవాళ్ల వంక చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు.

"పోనీ నువ్వే పో."

"పిల్ల వాడిది. పెళ్లి వాడింట్లో. మజ్జెలో మనమెవురమే?"

"రేత్రిళ్లు దగ్గొస్తే నీ గుండెల మీద పడుకోబెట్టుకున్నావు గదయ్యా దాన్ని."

శౌరి మొహంలో ఏదో కదిలింది. కానీ బెంచీ మీద నలుగురు మగవాళ్లు చూస్తున్నారు. "అప్పుడంటే మన దగ్గరుంది," అని టీ గ్లాసు ఎత్తాడు.

ఎస్తేరు తిరిగి హాల్లోకి వచ్చేసరికి పాఠం అయిపోయి పని మొదలైంది. రంగు చార్టులు పంచారు. ఒక్కొక్కరూ గుండె బొమ్మ కత్తిరించి, దాని మీద తమ దగ్గర్నుంచి వెళ్లిపోయిన బిడ్డ పేరు రాసి గోడకు అంటించాలట. ఆడవాళ్లు గుండెలు కత్తిరిస్తున్నారు. జడ కిటికీ వైపు వణుకుతోంది. తను వెళితే రుచిత మళ్లీ ఏదో ఒక మంచం కిందికి వెళ్లిపోతుంది. వెళ్లకపోతే వర్షిణి పీటల మీదికి వెళుతుంది. తనకు కదిలే వీల్లేదు. కానీ జడ వెళ్తానంటోంది. ఎన్నేళ్లుగానో అంటోంది, తనే తలకు కట్టేసి ఉంచింది.

ఆమె కత్తెర అందుకుంది.

"ఏందిది వదినా," అని నాగేంద్రమ్మ చెయ్యి పట్టుకుంది. "అందరూ పోతారే. ఒక్కదాని కోసం అందర్నీ తెంపుకుంటావా?"

"అందరూ పోతారు, దాని దగ్గరికే," అంది ఎస్తేరు. నాగేంద్రమ్మ చెయ్యి వదిలేసింది.

చార్టుల కత్తెర మొండిది. కచ్చకచ్చమని చాలాసేపు కోయాల్సి వచ్చింది. ఒక్కో పాయ తెగినప్పుడల్లా ఆ దిక్కున వినికిడి పోయినట్టయింది. చివరి పాయ తెగగానే మెడ తేలికై తల ముందుకు పడింది. జడ నేల మీద జారుతూ కుర్చీల మధ్య నుంచి వెళ్తుంటే ఆడవాళ్లు కాళ్లు పైకెత్తుకున్నారు. అది గోడెక్కి, కిటికీ ఊచలు దాటి, పిడుగురాళ్ల రోడ్డు పట్టింది.

ధనుంజయరావు చప్పట్లు కొట్టాడు. "తెంచుకోవడమంటే ఏంటో ఎస్తేరమ్మ గారు చేసి చూపించారు. అందరూ నేర్చుకోండి." కొందరు చప్పట్లు కొట్టారు. నాగేంద్రమ్మ కొట్టలేదు.

దాచేపల్లిలో జరిగింది తర్వాత రాఘవమ్మ చెబితే తెలిసింది. పెళ్లికూతురికి తల దువ్వి సవరం కోసం వెతుకుతుంటే గుమ్మం దగ్గర ఈ జడ కనిపించింది. ఇంత ఒత్తైన సవరం ఎవరు తెచ్చారా అని మెచ్చుకుంటూ, వర్షిణి జుట్టుకు కలిపి అల్లి, పూలు చుట్టారు. పిల్లను పీటల మీదికి తీసుకెళదామని లేపారు. లేచిన పిల్ల పీటల వైపు కాకుండా వీధి వైపు నడిచింది. పరుగెత్తలేదు. జడ ఆమె ముందు బారుగా సాగి, బండికి కట్టిన మోకులా లాక్కెళ్లింది. శ్రీకాంత్ చెయ్యి పట్టుకుంటే అతన్నీ వీధి చివరిదాకా ఈడ్చుకుపోయింది. మోకాళ్లు చెక్కుకుపోయి వదిలేశాడు. నరసరావుపేట బస్సు ఆగింది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే. ఎక్కడ దిగాలన్నది మాత్రం ప్రభుత్వం వాళ్లకే వదిలేసింది. వర్షిణికి ఆ సంగతి జడ చెప్పింది.

హాల్లో సాయంత్రం హాజరు కోసం ఒక్కొక్కరి మొహం ఫోన్లో చూపిస్తున్నప్పుడు, బుగ్గచుక్కతో, పట్టుచీరతో పిల్ల లోపలికి వచ్చి ఎస్తేరు ముందు ఆగింది. జడ కొస ఎస్తేరు చేతికి చుట్టుకుంది. కోసిన జుట్టు చూసి వర్షిణి, "నా కోసమా?" అని గొంతు లేకుండా అడిగింది. ఎస్తేరు కొంగుతో ఆమె మొహం తుడిచింది.

ధనుంజయరావు ఇది తన హాలు కాదన్నట్టు చుట్టూ చూశాడు. నాగేంద్రమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మిగతా ఆడవాళ్లు ఆమె వెనక నిలబడి ఫోన్లు పైకెత్తారు. అప్పుడు సోమవారం దాకా ఆగనవసరం లేకపోయింది. ఆయన నిలబడే నాలుగు ఫోన్లు చేశాడు. పెళ్లి ఆగింది. పిల్లను తండ్రికి ఇవ్వరు. కానీ ఎస్తేరుకూ ఇవ్వరు. ఆమె ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డ ఉంది, పైగా కమిటీ కూర్చోవాలి. అందాకా హోము. ఎస్తేరు అనుమతి మాత్రం పొడిగించారు. శౌరి వచ్చి పెళ్లాం తల చూసి, ఈ మొండి తలతో బస్సెట్టా ఎక్కుతావే అన్నాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

జీపు వచ్చింది. వర్షిణి వెనక సీట్లో కూర్చున్నాక ఉన్నట్టుండి మెడ పట్టుకుని మూలిగింది. జడ కిటికీలోంచి బయటికి వచ్చి పడమరకు సాగింది.

"అమ్మా, ఎవురో లాగుతున్నారు. అటు ఎవురున్నారు?"

ఎస్తేరు మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూసుకుంది. అక్కడ ఏమీ తెలియడం లేదు. జీపు తలుపు పట్టుకుని, వర్షిణి తలలోకి చూసి, కుడిపక్క వేళ్లు పెట్టి తడిమింది.

"ఇది మోయిన్ పాయ. వాడికి చెవిపోటొస్తే ఇట్టా లాగుద్ది. భయపడబాక, కాసేపటికి తగ్గుద్ది. దీని పక్కది..."

డ్రైవరు గేరు వేశాడు. మిగతా పాయలు ఎవరెవరివో చెప్పకముందే జీపు మలుపు తిరిగింది. ఇక అవి ఒక్కొక్కటీ నొప్పి పుట్టినప్పుడే ఆ పిల్లకు తెలియాలి.