వకుళ వెంట తిరిగిన చక్రాల సంచి

నేను ఒక చక్రాల సంచిని. నవ్వకండి. సంచి అనగానే మీకు తలుపు వెనక మేకుకి వేలాడే గుడ్డసంచి గుర్తుకొస్తుందేమో. నేను ఆ బాపతు కాను. నాకు రెండు చక్రాలున్నాయి, చేత్తో పట్టుకు లాగడానికి వంపు తిరిగిన పిడి ఉంది, వాన పడితే మూసుకునే మూత ఉంది. ఎరుపూ నీలం గళ్ళ గుడ్డతో నన్ను కుట్టారు. ఫ్రాన్సులో తులూజు అనే ఊరుంది. ఆ ఊళ్ళో సంతకు వెళ్ళే పెద్దావిడల వెనకాల గడగడమంటూ నాలాంటిది ఒకటి నడుస్తూ ఉంటుంది. ఊరంతా గులాబిరంగు ఇటుకల ఇళ్ళు. సాయంత్రం ఎండ పడినప్పుడు ఆ గోడలు చూడాలి, పెళ్ళిచూపులకు ముస్తాబైనట్టు ఉంటాయి. ఊరి గురించి మొదలుపెడితే నేను ఆగలేను, ముందే చెబుతున్నాను.

నన్ను చిన్న కార్ఖానాలో తయారుచేశారు. నా చట్రానికి గొట్టాలు వంచినవాడు ఈల వేస్తూ వంచాడు, చక్రాలు బిగించినవాడు ఆవలిస్తూ బిగించాడు. గుడ్డ కుట్టినావిడకి మాత్రం ఆ రోజు ఎవరిమీదో కోపంగా ఉంది. ఆ కోపమంతా మిషను మీద చూపించి, నా అడుగున రెండు వరసలు వేయాల్సిన చోట మూడు వరసలు కుట్టేసింది. మనుషుల కోపం వల్ల బాగుపడ్డవాళ్ళలో నేనొకదాన్ని.

నా మొదటి యజమానురాలు ఒదెత్. కాలువకు దగ్గరలో ఉన్న నాలుగంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు ఆవిడది. ప్రతి శనివారం సంత ఆవిడకి గుడితో సమానం. ఏ కొట్టు ముందు ఎంతసేపు నిలబడాలో, ఎవరి పిల్లల గురించి అడగాలో, ఎవరి మొగుడి గురించి అడక్కూడదో నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. సముద్రం ఒడ్డున ఉండే కూతురు వచ్చి తనతో తీసుకుపోతానంది. ఒదెత్ తన పింగాణీ గిన్నెలు ఎవరికి ఇవ్వాలో చిటికెలో తేల్చేసింది కానీ నన్ను ఎవరికివ్వాలో తెలియక రోజూ నా పిడి నిమిరేది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద వకుళ కనిపించింది. మూడో అంతస్తులో కొత్తగా దిగిన కాకినాడ అమ్మాయి. రెండు చేతుల్లోనూ ప్లాస్టిక్ సంచులు, వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒదెత్ నన్ను బయటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఇది నీది. వేళ్ళు దాచుకో, వంటకి పనికొస్తాయి," అంది. వకుళకి సగమే అర్థమైంది. నవ్వు మొహం పెట్టి నన్ను పైకి మోసుకుపోయి, తలుపు వేసీ వేయకముందే వాళ్ళక్కకి ఫోను కొట్టింది.

"అక్కా, కింద మామ్మగారు ముసలాళ్ళు లాక్కెళ్ళే బండి నాకిచ్చిందక్కా! ముప్పై నాలుగేళ్ళకే నేనంత ముసలిదాన్నైపోయానా?"

నాకు తెలుగు ఎలా వచ్చిందని అడుగుతారేమో. ఆ ఫోన్లన్నీ నడవాలో నా పక్కన నిలబడే జరిగేవి. ఆ ధాటికి గోడలకు కూడా తెలుగు వచ్చేసింది.

కాకినాడలో ఆమె బళ్ళో లెక్కల టీచరు. సెలవు పెట్టి భర్త త్రినాథ్ వెంట వచ్చింది. అతను విమానాల రెక్కల ఇంజనీరు. ఇంకో మూడేళ్ళు ఉంటారా, ఆగస్టులో తిరిగి వెళ్ళిపోతారా, జూను ఆఖరులోగా తేల్చి చెప్పమంది అతని ఆఫీసు. ఫిబ్రవరి ముసురులో, వంటింట్లో కూర్చుని వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలు నేను విన్నాను.

"నాకు ఉండాలనే ఉంది వకుళా. కానీ నువ్విక్కడ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంటే నేనుండలేను. నువ్వు సరేనంటేనే."

"జూను దాకా చూస్తానండి. అప్పటికీ ఇలాగే ఉంటే వెళ్ళిపోదాం."

వాళ్ళు వెళ్ళిపోతే నేనెక్కడికి పోతాను? కింద చెత్తడబ్బాల గదిలోకి. ఆ పూటే గట్టిగా అనుకున్నాను, ఎలాగైనా సరే ఈ పిల్లకి ఈ ఊరంటే పిచ్చి పట్టించాలని. నా దగ్గర ఉన్నవి రెండు చక్రాలే. వాటితోనే మొదలుపెట్టాను.

మొదట రొట్టెల కొట్టు. వకుళ లోపలికి వెళ్తూనే తిన్నగా రొట్టె అడిగింది. కొట్టావిడ కదల్లేదు, మెదల్లేదు, ఎదురుచూస్తూ నిలబడింది. ఈ ఊళ్ళో ముందు 'బోన్‌జూర్' అనకపోతే ప్రాణం పోతున్నా మంచినీళ్ళు పుట్టవు. వకుళ బిక్కమొహం వేసి, గుర్తు తెచ్చుకుని, "బోన్‌జూర్" అంది. అంతే, కొట్టావిడ మొహం చాటంతయింది. ఇక మా వకుళ ఒకటి పట్టుబడితే వదులుతుందా? నెల తిరిగేసరికి వకుళ బస్సు డ్రైవరుకీ, కుక్కని తిప్పే తాతకీ బోన్‌జూర్ చెప్పడం మొదలుపెట్టింది. ఒకసారి ఖాళీ లిఫ్టులోకి ఎక్కుతూ కూడా చెప్పింది. నేను తప్ప ఎవరూ వినలేదు లెండి.

వేడి రొట్టె బారుగా ఉంటుంది, నా నోట్లోంచి సగం బయటికే ఉంటుంది. దారిలో దాని కొస తుంచుకుని తినడం ఇక్కడ అందరికీ అలవాటే. వకుళ మొదటిరోజు చుట్టూ చూసి దొంగలా తుంచింది. తర్వాత్తర్వాత చూడ్డం మానేసి, తినడం మాత్రం పెంచింది.

"ఈమధ్య రొట్టెలు సగానికే అమ్ముతున్నారా?" అనేవాడు త్రినాథ్.

"మీ ఊళ్ళో అంతేనండి," అనేది, మూతి తుడుచుకుంటూ.

మీ ఊరు! ఆ మాట వినగానే నా ఉత్సాహం నీరుగారిపోయేది. అయినా నేను వదల్లేదు. మార్చిలో కాలువ గట్టు మీద చెట్లు చిగురించాయి. నీళ్ళమీద పడవలు ఎంత నెమ్మదిగా వెళ్తాయంటే, పడవలో ఉన్నవాడు గట్టు మీద ఉన్నవాడితో కబుర్లన్నీ ముగించి మరీ వెళ్ళిపోవచ్చు. వకుళ నన్ను బెంచీకి ఆనించి, బత్తాయి వలుచుకుంటూ కూర్చునేది. మధ్యాహ్నం భోజనాల వేళ కొట్లన్నీ మూసేస్తే మొదట్లో, "వీళ్ళకి వ్యాపారం చెయ్యడం వచ్చా?" అని మండిపడేది. ఏప్రిల్ వచ్చేసరికి తనే ఆ వేళకి ఇంటికి వచ్చి, కిటికీ తలుపులు దగ్గరికి వేసి, కాళ్ళు చాపుకుని, "హాయి" అనేది. జున్ను కొట్టు ముందు ముక్కు మూసుకుని పరుగెత్తిన మనిషి, మే నెలలో త్రినాథ్‌కి తెలియకుండా ఒక ముక్క కొని నా అడుగున ఉల్లిపాయల కింద దాచింది. ఆ వాసన నాకు వారం రోజులు పోలేదు. పోతే పోనీ, నేను గంతులేశాను.

ఇంకో ముచ్చట చెప్పాలి. చాక్లెట్ పెట్టి పొరలు పొరలుగా కాల్చే తీపిరొట్టెకి పారిస్‌లో ఒక పేరు, తులూజులో ఇంకో పేరు. ఇక్కడ దాన్ని షొకొలతీన్ అంటారు. ఆ పేరు కోసం ప్రాణమైనా ఇస్తారు. పారిస్‌లో ఉంటున్న స్నేహితురాలెవరో ఫోనులో ఆ రొట్టెని అక్కడి పేరుతో పిలిచింది. వకుళకి రోషం పొడుచుకొచ్చింది. "మీకు తెలీదులే, మా ఊళ్ళో దాన్ని షొకొలతీన్ అంటారు. అదే అసలు పేరు," అనేసింది.

మా ఊళ్ళో! విన్నారా? నేను విన్నాను! గోడకి ఆనించి ఉన్నదాన్ని ఆనందం పట్టలేక జారి కిందపడ్డాను.

అంత సంతోషం ఎక్కువసేపు నిలవదని నాకు తెలియదా? జూను మొదటి శనివారం సంతలో జోసియాన్ కొట్టు ముందు ఆగాం. జోసియాన్ తన తోటలో పండినవే తెచ్చి అమ్ముతుంది. ముల్లంగి కట్టలు, టమాటాలు, చిక్కుళ్ళు అన్నీ ముగ్గు పెట్టినట్టు పేర్చుకుంటుంది. ఆ రోజు వాటి మధ్యలో, ఒక చిన్న బుట్టలో, బెండకాయలు! ఇన్ని నెలల తర్వాత! వకుళ కళ్ళు మెరిశాయి. వరసలో మనుషులున్నారన్న సంగతి మరిచిపోయి చెయ్యి చాపింది. ఆ తర్వాత జరిగినదానికి ఆమె బాధ్యురాలు కాదు, ఆ వేళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య అది. ఒక బెండకాయ కొస విరిచింది. టప్. లేతదే. ఇంకోటి. టప్. ఇంకోటి.

"అమ్మా! ఏం చేస్తున్నారు మీరు!" అని కేక వేసింది జోసియాన్. "నా కాయల్ని ముట్టుకుంటారేమిటి? అందులోనూ విరుస్తారా?"

సంత అంతా ఇటు తిరిగింది. ఇక్కడ కాయగూరల్ని కొనేవాళ్ళు ముట్టుకోరు. ఏం కావాలో చెప్పాలి, అమ్మేవాళ్ళు ఏరి ఇస్తారు. ఒదెత్ వెనక అన్నేళ్ళు తిరిగిన నాకు ఆ సంగతి తెలుసు, చెప్పడానికి నోరే లేదు. వకుళ మొహం కందగడ్డయింది. ఏదో చెప్పబోయింది, ఫ్రెంచి మాట ఒక్కటీ నోటికి రాలేదు. నన్ను విసురుగా లాక్కుంటూ ఇంటికి వచ్చేసింది.

"వెళ్ళిపోదామండి," అంది ఆ సాయంత్రం. "ఇంతమందిలో చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టింది. ఒక బెండకాయ విరుచుకోడానికి వీల్లేని ఊళ్ళో మూడేళ్ళు ఎలా ఉంటాను?"

త్రినాథ్ సరేనన్నాడు. అతని మొహం చూస్తే మాత్రం నాకు జాలేసింది. తర్వాతి శనివారం నేను నడవాలోనే ఉండిపోయాను. కిటికీలోంచి సంత చప్పుడు వినిపిస్తోంది, మిగతా సంచులన్నీ గడగడమంటూ వెళ్తున్నాయి. ఏడవడానికి నాకు కళ్ళు లేకపోవడం మంచిదైంది.

నన్ను కాపాడింది కాకినాడ. వాళ్ళక్క సుగుణ ఫోనులో అంతా విని పకపకా నవ్వింది. ఆవిడ గొంతు ఫోను దాటి నాదాకా వచ్చింది.

"ఒసేయ్, నీ క్లాసులో పిల్లలు నీ సుద్దముక్కల డబ్బా ముట్టుకుంటే ఊరుకుంటావా? వీపు పగలగొట్టవూ? ఆవిడా అంతేగా! ఒక్క తిట్టుకి అరిగిపోయావేంటే? వెళ్ళు, మళ్ళీ వెళ్ళు."

వకుళ చాలాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత తనలో తనే నవ్వుకుంది.

ఆపై శనివారం మేము వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. జోసియాన్ గుర్తుపట్టి కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. అప్పుడు వకుళ ఏం చేసిందో తెలుసా? నా పిడి వదిలేసి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బడిపిల్లలా నిటారుగా నిలబడింది. "బోన్‌జూర్ మేడమ్. బెండకాయలు. మీరే ఏరండి," అంది, వచ్చీరాని ఫ్రెంచిలో.

జోసియాన్ నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. వెనక వరసంతా నవ్వింది. వకుళా నవ్వింది, చేతులు మాత్రం ముందుకు తేలేదు. జోసియాన్ కాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, "ఇంతకీ ఆ రోజు ఎందుకు విరిచావు?" అని అడిగింది. లేతదో ముదురుదో తెలుస్తుందని సైగలు చేసి చెప్పింది వకుళ. జోసియాన్ ఒక కాయ కొస విరిచింది. టప్. కనుబొమలు ఎగరేసింది. ఇంకోటి విరిచింది. కాయలన్నీ నాలో పోసి, అడక్కుండానే ఇంత కొత్తిమీర పైన పడేసింది. కొసరు! కాకినాడ రైతుబజారులో గీసి గీసి అడిగితే గానీ రాని కొసరు! ఇంటికి వచ్చేదాకా వకుళ కాళ్ళు నేలమీద లేవు, నా చక్రాలు అసలే లేవు.

అయినా ఉంటామని మాత్రం అనలేదు. జూను చివరి శనివారం త్రినాథ్ కూడా మాతో సంతకి వచ్చాడు. సోమవారం ఆఫీసులో జవాబు చెప్పాలి. ఖర్బూజాల కొట్టువాడు ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతున్నాడు, ఎప్పుడు తింటారని. ఇవాళ మధ్యాహ్నమంటే ఒక పండు వాసన చూసి ఇస్తాడు, రేపంటే ఇంకో పండు.

"చూశారా, పూటకి లెక్కగట్టి ఇస్తున్నాడు!" అని మురిసిపోయింది వకుళ.

"సోమవారం ఏం చెప్పమంటావు?" అన్నాడు త్రినాథ్ మెల్లిగా.

ఆమె విననట్టే పక్కనున్న మొక్కల కొట్టుకి నడిచింది. అక్కడ అంజూర మొక్కలున్నాయి. పెద్దది వచ్చే ఏడే కాస్తుందన్నాడు కొట్టువాడు. చిన్నదాని పండు తినాలంటే మూడో వేసవి దాకా ఆగాలన్నాడు. వకుళ చిన్నదాన్ని చూపించింది, దాంతోపాటు ఒక మట్టి బస్తా.

త్రినాథ్ నిలబడిపోయాడు. "వకుళా, మూడేళ్ళంటున్నాడు."

"విన్నానండి. నాకూ ఫ్రెంచి వస్తుంది."

అతను నడిసంతలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మట్టి బస్తా, మొక్క, ఖర్బూజాలు, అన్నీ నా నెత్తిన పడ్డాయి. జన్మలో అంత బరువు మోయలేదు, అంత సంతోషంగానూ మోయలేదు. కాలువ వంతెన ఎక్కుతుండగా నా ఇరుసు ఫట్‌మని విరిగింది. రెండు చక్రాలూ చెరో దిక్కుకీ దొర్లిపోయాయి. త్రినాథ్ మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "రెక్కయితే ఏదైనా చేసేవాణ్ణి," అని పెదవి విరిచాడు.

వాళ్ళు ఉండిపోవాలని నేను ఇన్ని పాట్లు పడ్డది నా చక్రాలు ఆగకూడదని. వాళ్ళు ఉండిపోయారు, నా చక్రాలు ఆగిపోయాయి. మనుషులు చూస్తే దీన్ని అన్యాయం అంటారేమో. నన్ను చెత్తడబ్బాల గదిలో పెట్టడానికి వకుళ ఒప్పుకోలేదు. గొట్టాలు ఊడదీసి, నా గుడ్డని బాల్కనీలో నిలబెట్టి, కడుపునిండా మట్టి పోసి, అందులోనే అంజూర మొక్క నాటింది. సంతకి ఇప్పుడు పచ్చరంగు సంచి ఒకటి వెళ్తోంది. దానికి ఇంకా కొట్ల ముందు ఆగడం చేతకాదు, మీకూ నాకూ మధ్య మాట.

ఇది మూడో వేసవి. బొటనవేలంత కాయలు ఆరు వేలాడుతున్నాయి. అంజూర వేళ్ళు నా అడుగు కుట్లన్నీ తెంచుకుని బయటికి వచ్చేశాయి. నొప్పి లేదు, గర్వంగా ఉంది. నిన్న సాయంత్రం త్రినాథ్ బాల్కనీలోకి వచ్చి, ఆఫీసు మళ్ళీ అదే ప్రశ్న అడిగిందని చెప్పాడు.

వకుళ నీళ్ళు పోస్తూ తలెత్తకుండానే, "ఈసారి నన్నడక్కండి. దీన్నడగండి," అంది.

త్రినాథ్ నిజంగానే వంగి, ఆకులు పక్కకి జరిపి, "ఏమంటావు?" అని నన్నడిగాడు. నన్ను! కొన్న దగ్గర్నుంచి లాగినవాళ్ళే గానీ, ఎటు వెళ్దామని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఉందాం, త్రినాథ్, ఉందాం!