ఐదో మెట్టు

షూటింగు ముహూర్తానికి కొండలా నిలబెట్టాలని వేడివేడి పసుపన్నాన్ని వెదురు గరాటులో అదుముతుంటే కినాసి ఎడమచేతి వేళ్ళు మళ్ళీ మొద్దుబారాయి. కుడిచేత్తో అదిమింది. భర్త గుంతోరో తాగేసిన కాఫీ కప్పు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు, ఎలాగూ కడుగుతుంది కదా అని.

"గట్టిగా అదుము. కొన విరిగిందంటే షూటింగుకి అపశకునం. జకార్తా అంతా చెప్పుకుంటారు."

"చెయ్యి పట్టు తప్పుతోందండీ. డాక్టరు మెడకి ఎక్స్‌రే తీయించమన్నాడు."

"నూనె రాసుకో. పోయిన సినిమా అయ్యాక కూడా ఇదే పాట పాడావు."

పోయిన సినిమాలో హీరోయిన్ బదులు లారీ మీంచి దూకింది కినాసి. ఆ మెడ నొప్పి అప్పటిది. పోస్టరు మీద ఫైట్ మాస్టర్ గుంతోరో అని పడింది. ఈసారి సినిమా 'ఎర్ర మెట్లు', కుర్రకారు ఫోన్లలో ఊగిపోతూ ఆడే ఆటనే సినిమాగా తీస్తున్నారు. మొదటి నిమిషంలోనే విలన్ హీరో భార్యని పదమూడు మెట్ల మీంచి కిందికి తోసేస్తాడు. హీరో పగ తీర్చుకోవడమే తక్కిన ఆటంతా. ఓడిన ప్రతిసారీ ఆట మొదటికొస్తుంది, ఆమె మళ్ళీ పడుతుంది. అలా ఎన్ని లక్షల సార్లు పడి ఉంటుందో, ఆ ఆడదానికి ఆటలో పేరు కూడా లేదు. ఆ సంగతి మొదటిరోజే కినాసి కంట్లో నలుసులా పడింది.

గుంతోరో ఆ ఆట ఆడలేదు. బొటనవేలు నొప్పన్నాడు. నాలుగు నెలలు ఆడింది ఆమే. బొమ్మకి ఎముకలుండవు గనక ఎలాగైనా విరుగుతుంది, ఎలాగైనా లేస్తుంది. ప్రాణమున్న మనిషి అదే దెబ్బ తిని మర్నాడు అన్నం వండుకోవాలంటే ఎక్కడ మడవాలి, ఎక్కడ వదలాలి, ఏ మెట్టు మీద ఊపిరి బిగబట్టాలి, అదంతా ఆమె లెక్క. వంటింట్లో బల్లలు పేర్చి, పరుపులు పరిచి, తన ఒంటి మీదే తేల్చుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "గిన్నెలు అక్కడే మూలుగుతున్నాయి, ఈవిడగారు బొమ్మల్ని చంపుకుంటూ కూచుంది. కడుపున ఒక కాయ కాసుంటే ఈ వేషాలుండేవా?" అన్నారు. కినాసి లేచి గిన్నెలు తోమింది. తోముతూనే అయిదో మెట్టు సంగతి తేలింది. అక్కడ ఎడమ భుజమే ఆనాలి. కుడి భుజం ఆనిందా, తొమ్మిదో మెట్టు దగ్గర గోడ అంచు నేరుగా మెడకి తగులుతుంది. ఆ సాయంత్రమే అదంతా నోటుపుస్తకంలో రాసి మొగుడి చేతికిచ్చింది. ఆయన పైపైన తిరగేసి సంచీలో పడేశాడు.

మూతపడిన బట్టల మిల్లులో షూటింగు. ముహూర్తానికి అందరూ చుట్టూ చేరారు. పసుపన్నం కొండలా నిలబడింది, కొన చెక్కుచెదరలేదు. ఆ కొన కోసి, ఆ పని ఎవరి వల్ల నిలబడిందో వాళ్ళకే మొదట పెట్టడం ఆనవాయితీ. దర్శకుడు విర్య కత్తి తీసుకుని, "ఈ సినిమా అంటే దెబ్బలు. ఆ దెబ్బలు ఎవరి బుర్రలోంచి వచ్చాయో వారికి," అని గుంతోరో చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. సొమ్మొకడిది సోకొకడిది అనే మాట ఎవరన్నారో గాని, ఆమెని చూడకుండా అని ఉండరు. కినాసి గరిటె పట్టుకుని మిగతావాళ్ళకి వడ్డిస్తూ ఉంది. ఒళ్ళంతా మండింది, అయినా వడ్డించింది.

గుంతోరో నోటినిండా అన్నంతో విలన్ వేషం వేసే అతనికి నేర్పుతున్నాడు. "అయిదో మెట్టు మీద కుడి భుజం ఆనాలి. అందుకని నువ్వు ఇటునుంచి తొయ్యి."

ఆమె చేతిలో గరిటె ఆగింది. దగ్గరికెళ్ళి మెల్లిగా అంది, "ఎడమ భుజమండీ. పుస్తకంలో రాశాను."

"తాతకి దగ్గులు నేర్పకు. నీ పని పడటమేగా, ఎటు తోస్తే అటు పడు." అందరూ నవ్వారు. ఆయన దర్శకుడి వైపు తిరిగి, "పైనుంచి ఒకే షాట్ తీసుకోండి సార్, ఆటలో లాగే. దెబ్బ తగలకుండా మెడకి కట్టిన పట్టీ కనబడుతుందంటే తీయించేస్తాను. మా ఆవిడే కదా," అన్నాడు.

ఆమె మెట్లెక్కింది. పట్టీ లేని మెడకి గాలి తగిలింది. ఫైట్లు చేసేవాళ్ళకి ఒక కట్టుబాటుంది: దెబ్బ తినేవాళ్ళు తల ఊపితేగాని కొట్టేవాళ్ళు చెయ్యి కదపకూడదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎప్పుడూ ఆమె తల ఊపకపోవడమంటూ లేదు. విలన్ చేతులు చాపి ఆమె తల వంక చూస్తున్నాడు. కెమెరా తిరుగుతోంది. కినాసి తల ఊపలేదు.

"ఏమైందే?" కిందనుంచి గుంతోరో అరిచాడు.

ఆమె పై మెట్టు మీద కూర్చుంది.

విర్య చేతి గడియారం చూసుకున్నాడు. గుంతోరో మొహం కందిపోయింది. "ఇంటికి రా, నీ సంగతి చెప్తా," అని పళ్ళు బిగించి, కినాసి లాంటి బట్టలే తొడిగి పక్కన నిలబెట్టిన లస్త్రిని పిలిచాడు. ఇరవై ఏళ్ళ పిల్ల, మొన్నే చేరింది. "నువ్వెక్కు. ఈవిడ లేకపోతే సినిమా ఆగుతుందా?"

లేచి దిగిపోవచ్చు. దిగితే ఆ పిల్ల పడుతుంది, కుడి భుజం మీద. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా కినాసికి తెలుసు.

లస్త్రి రెండు మెట్లెక్కి ఆగింది. ఫైట్ మాస్టర్ని చూడలేదు. పైకి చూసి అడిగింది, "అక్కా, అయిదో మెట్టు మీద ఎడమా, కుడా?"

విర్య తలెత్తాడు. "ఆయన్నడక్కుండా ఆవిడ్ని అడుగుతావేంటి?"

"నాకు మెట్లు నేర్పింది అక్కే కదా సార్. అందరికీ నేర్పింది అక్కేగా."

విర్య గుంతోరో వంక చూశాడు. గుంతోరో వేళ్ళకి పసుపన్నం ఇంకా అంటుకునే ఉంది. కినాసి కాళ్ళు చాపి మెట్టుకి అడ్డంగా పెట్టింది, ఎవరూ దాటి రాకుండా. ఎడమచేతి వేళ్ళు మొద్దుగానే ఉన్నాయి. కుడిచేత్తో వాటిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఏ భుజమూ కాదు లస్త్రీ," అంది. "ఇవాళ ఎవరూ పడరు."